తేరిన నీళ్ళు

1961 ఆగస్టు 21

సూపర్వైజరు జానకిరామయ్య గారు రెండు పుస్తకాలు ఇచ్చారు. ఒకటి రిజిస్టరు. అందులో రోజూ కట్ట సంగతి రాయాలి. రెండోది ఇది. ఇందులో చెయ్యి తిప్పుకో సాయిబూ, పెద్ద ఇంజనీరు ఈఈ గారి కంట పడేలోగా నీ అక్షరాలు కాస్త లేచి నిలబడాలి అన్నారు. నేను చదివింది రెండో తరగతి. నా అక్షరాలు పడుకున్నా నా కట్ట నిలబడే ఉందండీ అన్నాను. ఆయన నవ్వారు. పట్నంలో బ్రాడీపేట మనిషి. నవ్వినా చప్పుడు రాదు.

జూలైలో పూనా దగ్గర డ్యాము తెగి ఊరు మునిగింది. అందుకని మాకు కొత్తగా సేఫ్టీ రూల్సు వచ్చాయి. వేములేరు కట్టకు నేను మేస్త్రీని. నా కింద కట్ట కాపలాకు ముగ్గురు లస్కర్లు. రోజూ కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. నీరు ఎన్ని అడుగులుందో గేజి చూడాలి. కట్ట అడుగున ఊట ఎంత వస్తోందో చెక్కకు కోసిన గాడి, నాచ్ అంటారు, దాని దగ్గర స్కేలు పెట్టి కొలవాలి. ఆ నీళ్ళు సీసాలో పట్టి ఎండకు ఎత్తి చూడాలి. తేటగా ఉంటే తేట అని రాయాలి. మడ్డిగా ఉంటే వెంటనే కబురు పంపాలి. నీళ్ళు కారితే ఫరవాలేదు, నీళ్ళతో మన్ను కారకూడదు. మన్ను కారితే కట్ట లోపల బోలవుతుంది. ఒక రోజు గండి పడుతుంది. కింద పాలెంలో నూట పది ఇళ్ళు.

ఇది నాకు ఒకరు చెప్పాలా. ఈ కట్ట కట్టేటప్పుడు కొండ కింద నుంచి బండ్ల మీద ఎర్రమన్ను తోలించింది నేను. చుట్టూ పది మైళ్ళు నల్లరేగడి. ఎర్రమన్ను ఈ కట్ట కడుపులోనే ఉంది.

మా ఆవిడ జానీబీ మంచంలోంచే నవ్వింది. అరవై రెండేళ్ళకు బడికి పోతున్నావా, పలక కొనిపెట్టనా అంది. జ్వరం పదో రోజు.

1961 ఆగస్టు 26

లేవొద్దన్నా లేచింది. కుండ ముందు కూర్చుని చిల్లగింజ అరగదీసింది. మా ఊరి బావులన్నీ ఉప్పు. చెరువు నీళ్ళే తెచ్చుకోవాలి. అవి మజ్జిగలాగా ఉంటాయి. గింజ అరగదీసి కలిపితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైన నీళ్ళు తేరుకుంటాయి. నేను చేస్తానన్నాను. నీ చేతికి పార తెలుసు, గింజ తెలియదు, పోయి నీ కట్ట చూసుకో అంది.

1961 సెప్టెంబరు 3

జానీబీ పోయింది. ఉదయం ఏడింటికి. గేజి పదిహేడు అడుగులు. ఊట ముప్పావు అంగుళం. తేట.

1961 సెప్టెంబరు 4

పొద్దున్నే కట్ట మీదికి వచ్చాను. లస్కరు అంకమ్మరావు ఎదురొచ్చాడు. మేస్త్రీ గారూ, మట్టి వేసి ఇంకా పూట కాలేదు, ఇంట్లో కూర్చోకూడదా, నేను నడవలేనా అన్నాడు. నీ నడక నాకు తెలుసు, సగం నడిచి మిగతా సగం చుట్ట తాగుతూ ఊహించుకుంటావు అన్నాను. వాడు సీసా అందుకుని వెనకే నడిచాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు.

బావమరిది జాన్ బాషా అన్నం పంపాడు. జానీబీకి తమ్ముడు. తూము కింద పదెకరాల మిరప వేశాడు. అన్నం తిన్నాను. ఏం కూరో గుర్తు లేదు.

తేట.

1961 సెప్టెంబరు 20

దారిలో కనపడిన ప్రతివాడూ తేరుకున్నావా సాయిబూ అని అడుగుతున్నాడు. తేరుకోవడానికి నేనేమన్నా కుండలో నీళ్ళా. తేరుకున్నాను అంటున్నాను. అంటే వదిలిపెడుతున్నారు.

చిల్లగింజల మూట వెతికాను. ఎర్రగుడ్డలో కట్టి ఉట్టి మీద పెట్టేది. లేదు. ఆ రోజు ఇంటి నిండా ఆడవాళ్ళు ఉన్నారు, ఎవరో సర్ది ఉంటారు. అడగలేదు. నీళ్ళు అలాగే తాగుతున్నాను. పళ్ళ కింద సన్నగా ఇసుక తగులుతుంది. అంతే.

1961 అక్టోబరు 6

నాలుగు రోజులుగా వాన. గేజి ఇరవై మూడు. ఈ కట్ట కట్టాక ఇంత నీరు చూడలేదు. ఊట అంగుళం.

పాలెం నుంచి పిచ్చమ్మ ముఠా కట్ట కింద మిరప చేలో కలుపుకు దిగింది. పన్నెండు మంది ఆడవాళ్ళు. నేను వెళ్ళేసరికి ఊట పడే చోట చెలమ తీసి కూర్చున్నారు. కట్టకు యాభై అడుగుల లోపు పార పెట్టకూడదని రూలు. లేవండి అన్నాను. పిచ్చమ్మకు నలభై ఏళ్ళుంటాయి. నోరు మాత్రం నూరేళ్ళది. సాయిబు మావా, బావి నీళ్ళు తాగి తాగి మా నాలుకలు ఉప్పు చేపలయినాయి, దేవుడు కట్టలోంచి తియ్యటి నీళ్ళిస్తుంటే నీకేం పోయింది, జానీబీ అత్త ఉంటే నన్ను ఇట్టా లేపేదా అంది.

ఆ మాట అనకుండా ఉంటే లేపేవాణ్ణే.

అడుగు లోతు వరకే, అంతకంటే దించితే కాళ్ళు విరగ్గొడతాను అన్నాను. ఏ కాళ్ళు, నీవా మావా, వంగలేక వంగలేక సీసా పట్టుకుంటున్నావు అంది. ఆడవాళ్ళంతా నవ్వారు. నిజమే. మోకాళ్ళు వంగడం లేదు. ఊట నోటి దగ్గర గొంతుక్కూర్చోవాలి. చెలమ అయితే గట్టు మీద నిలబడి సీసా ముంచితే చాలు.

రిజిస్టరులో చెలమ సంగతి రాయలేదు. నా కట్ట. నేను చూసుకుంటాను.

తేట.

1961 అక్టోబరు 12

నలభయ్యో రోజు. ఫాతెహా చదివించాను. జాన్ బాషా ఏడ్చాడు. నాకు రాలేదు.

1961 అక్టోబరు 19

జానకిరామయ్య గారు జీపులో వచ్చారు. కట్టంతా నాతో నడిచారు. ఊట అంగుళం నుంచి ఒకటిన్నర అయింది. ఆయన రిజిస్టరు చూసి, ఊట పెరిగిందే సాయిబూ, రంగు ఎట్లా ఉంది అన్నారు. రాశాను కదండీ, తేట అన్నాను. ఒకసారి నా కళ్ళతో చూడనీ అన్నారు. చెలమలో సీసా ముంచి ఎండకు ఎత్తాను. అవతల కొండ మీద మేకలు కనపడ్డాయి అందులోంచి. మీ బ్రాడీపేటలో పంపు తిప్పితే ఇట్లాంటి నీళ్ళు వస్తాయా అన్నాను. మా పంపు తిప్పితే గాలి వస్తుంది అన్నారు.

చెలమ ఎవరు తీశారని అడిగారు. మన కూలీలే, మంచినీళ్ళకు, అడుగు లోతు అన్నాను. ఆయన చెలమ చుట్టూ ఒకసారి నడిచారు. సరే, కలుపు అయిపోగానే పూడ్పించు, నీ కన్ను మీద నమ్మకం నాకు అన్నారు. రిజిస్టరులో సంతకం పెట్టారు.

జీపు ఎక్కబోతూ ఆయన కూడా తేరుకున్నావా అని అడిగారు. చదువుకున్నాయన. వేరే ఏదన్నా అడుగుతాడేమో అనుకున్నాను.

1961 అక్టోబరు 30

పద్నాలుగో ఫర్లాంగు రాయి దగ్గర, ఊటకు సరిగ్గా పైన, కట్ట మీద గుంట పడింది. చేట అంత. పందికొక్కులండీ అన్నాడు అంకమ్మరావు. అయి ఉండవచ్చు. నాలుగు తట్టల మన్ను పోసి దిమ్మిస కొట్టించాను. ఊట చూశాను. తేట.

1961 నవంబరు 5

గుంట మళ్ళీ దిగింది. పోసిన నాలుగు తట్టలూ లేవు.

మన్ను ఎక్కడికో పోవాలి. మన్నుకు కాళ్ళు లేవు. నీళ్ళే మోసుకుపోవాలి. ఊట దగ్గరికి వెళ్ళి రెండు సీసాలు పట్టి చూశాను. అద్దం. వాన పడి పది రోజులయింది. నా కళ్ళు నాకు అబద్ధం చెప్పవు. పందికొక్కులే. పొగ పెట్టమన్నాను.

1961 నవంబరు 7

దీపావళి. పాలెం మీదుగా వచ్చాను. ప్రతి ఇంటి ముందూ పొయ్యి కొత్తగా, ఎర్రగా అలికి ఉంది. బాగుంది.

1961 నవంబరు 12, ఉదయం 8

చెలమ దగ్గర ఎవరూ లేరు. చేలోనూ ఎవరూ లేరు. ఊట ఎర్రగా ఉంది.

సీసా ముంచాను. మిరపకాయ పులుసులా ఉంది. ఎండకు ఎత్తితే వెలుతురు ఇవతలికి రాలేదు. ఎవరన్నా కలిపారేమో అనుకుని కాసేపు నిలబడ్డాను. తేరుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఊట నోటి దగ్గర చూశాను. నెల అయింది అక్కడ చూసి. నా పిడికిలి దూరేంత అయింది. అందులోంచి ఎర్రమన్ను అన్నం ఉడికినట్టు ఉడుకుతూ పైకి వస్తోంది.

పిచ్చమ్మ ఇంటికి పోతున్నాను.

అదే రోజు, సాయంత్రం 5

వరసగా రాస్తాను. వరస తప్పితే మళ్ళీ రాయలేను.

పిచ్చమ్మ పుట్టలో పాలు పోసి వస్తూ వీధిలోనే ఎదురయింది. నెత్తిన చెంబు. ఈ రోజు పనికి రాలేదేం అన్నాను. నాగులచవితి కదా మావా, ఈ రోజు మన్నులో పార పెట్టం, కలుపు తియ్యం, చెలమ కూడా తొయ్యం, నీకు తెలియక పోవడానికి నువ్వేమన్నా నిన్న వచ్చావా ఈ ఊరికి అంది. చెలమ తోయడం ఏమిటి అన్నాను.

అప్పుడు చెప్పింది. తెల్లారగట్లే వస్తారు. చెలమలో దిగిన మడ్డి రోజూ చేటలతో ఎత్తేస్తారు. తర్వాత ముంతలో చిల్లగింజ అరగదీసి పోస్తారు. అరగంటలో తేరుకుంటుంది. నేను సీసా పట్టుకుని వచ్చేసరికి అద్దంలా ఉంటుంది. మావా వచ్చే వేళకు నీళ్ళు తేటగా ఉండాలని నేనే తొందర పెడతాను వీళ్ళను, మడ్డి చూస్తే మమ్మల్ని చెలమ నుంచి లేపేస్తావని భయం అంది. గింజలు ఎక్కడివి అన్నాను. అత్త ఇచ్చినవే, జ్వరంలో చూడబోతే ఎర్రగుడ్డ మూట చేతిలో పెట్టి, మీ మావకు ఇవి అరగదీయడం రాదు, అప్పుడప్పుడు వచ్చి కుండలో వేసి పో అంది, అత్త లేని నీ ఇంటికి రావడానికి మొహం చెల్లక చెలమలో వేస్తున్నాను, ఎట్టాగూ నువ్వు కూడా ఆ నీళ్ళే సీసాలో పడతావు కదా అంది.

ఎత్తిన మడ్డి ఏం చేశారు అన్నాను. పొయ్యి చూపించింది. గోడ చూపించింది. సన్నమన్ను మావా, చెయ్యి జారినట్టు అలుక్కుంటుంది, పాలెం అంతా పంచాను అంది.

వీధి పొడవునా చూశాను. నూట పది ఇళ్ళు. నా కట్ట మన్ను పొయ్యిల మీద ఆరి ఉంది.

పిచ్చమ్మకు రెండు మాటల్లో చెప్పాను. ఆమె చెంబు కింద పెట్టింది.

జానకిరామయ్య గారికి టెలిగ్రాం ఇవ్వమని అంకమ్మరావును సైకిల్ మీద తరిమాను. తొమ్మిది మైళ్ళు. ఊట నోరు మూయకూడదు. మూస్తే నీళ్ళు ఇంకో దారి చూసుకుంటాయి, అది ఇంకా పెద్దది. ముందు ఇసుక, దాని మీద కంకర, దాని మీద రాళ్ళు. నీళ్ళు రావాలి, మన్ను ఆగాలి. ఇసుక కావాలి, వాగులో తవ్వాలి అన్నాను. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ రోజు తవ్వితే నాగదోషం. పిచ్చమ్మ కొంగు బిగించింది. రోడ్డు పక్కన కాంట్రాక్టరు తోలించిన ఇసుక కుప్ప ఉంది, కంకర కుప్ప ఉంది, ఎవడో తవ్వింది మొయ్యడం తవ్వడం కాదే, పదండి, నాగేంద్రుడు అడిగితే కాంట్రాక్టర్ని అడగమందాం అంది. పన్నెండు మంది కాదు, యాభై మంది వచ్చారు. మధ్యాహ్నానికి ఊట మీద నడుమెత్తు కుప్ప పెట్టాం. ఎరుపు తగ్గింది. ఆగలేదు.

నీరు దించాలి. తూము నిండా ఎత్తాలంటే సూపర్వైజరు ఆర్డరు కావాలి. ఆర్డరు వచ్చేసరికి రేపు. తాళం నా దగ్గర ఉంది.

తూము దగ్గర జాన్ బాషా నిలబడి ఉన్నాడు. వెనక రైతులు పాతిక మంది. బావా, ఇప్పుడు నీళ్ళు వదిలితే వాగులో పడి పోతాయి, ఇంకా రెండు నెలలు తడి ఉండాలి, మిరప పూత మీద ఉంది, పత్తి ఇప్పుడే గూడ కడుతోంది అన్నాడు. కట్ట పోతుందిరా అన్నాను. నిన్న ఏం రాశావు బావా అన్నాడు. తేట. మొన్న. తేట. నిన్నటిదాకా తేటయిన కట్ట ఇవాళ ఎట్లా పోతుంది, అక్క పోయినప్పటి నుంచి నువ్వు మనిషివి మనిషిలా లేవు, ఇంటికి పో, మేం బంకమన్నుతో ఆ బొక్క మూసుకుంటాం అన్నాడు.

జవాబు ఉంది. నేను చూడాల్సిన చోట చూడలేదని చెప్పాలి. పాతిక మంది ముందర.

చెప్పాను. మోకాళ్ళు వంగక చెలమలో ముంచాను, నెల నుంచి నేను రాసింది తప్పు అన్నాను. జాన్ బాషా పక్కకు జరిగాడు. దారి ఇవ్వడానికి కాదు, నన్ను తాకకూడదని.

తూము ఎత్తాను. ఒక్కణ్ణే. నలభై ఆరు చుట్లు.

1961 నవంబరు 13

గేజి ఇరవై రెండు. గుంట బావి నోరంత అయింది. పాలెం వాళ్ళను పిచ్చమ్మ స్కూలు దిబ్బ మీదికి ఎక్కించింది. జానకిరామయ్య గారు వచ్చారు. జీపులో, వెనక ఇసుక లారీ. కుప్పను చూశారు, తూమును చూశారు. ఆర్డరు లేకుండా ఎత్తానండీ అన్నాను. నేను ఉన్నా అదే ఆర్డరు అన్నారు.

1961 నవంబరు 14

గేజి ఇరవై ఒకటి. ఎరుపు ఉంది.

1961 నవంబరు 15

గేజి పంతొమ్మిది. ఎరుపు. తిన్నానో లేదో తెలియదు.

1961 నవంబరు 17

గేజి పదహారు. ఊట నోటి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని పట్టాను. తేట. జానకిరామయ్య గారు కూడా పక్కనే కూర్చున్నారు, తెల్లపంచెతో, బురదలో. మళ్ళీ పట్టు అన్నారు. తేట. ఇంకోసారి అన్నారు. తేట.

పాలెం వాళ్ళు దిగిపోయారు. గండి పడలేదు. ఎవరూ పోలేదు. దిబ్బ మీద ఒక మేక ఈనింది.

1961 నవంబరు 18

జానకిరామయ్య గారు రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నారు. తలుపు వేశారు. ఈఈ గారు ఎంక్వయిరీకి వస్తున్నారు సాయిబూ అన్నారు. పన్నెండో తారీకున మడ్డి వచ్చింది, అదే రోజు తూము ఎత్తావు, ఇసుక పోయించావు, రిజిస్టరు అంతే చెబుతోంది, అందులో అబద్ధం ఏమీ లేదు, నీకు మెప్పు కూడా రావచ్చు అన్నారు. చెలమ సంగతి రాయకపోతే పిచ్చమ్మ పేరూ రాదు అన్నారు. తర్వాత కిటికీలోంచి చూస్తూ, అక్టోబరు పంతొమ్మిదో తారీకున నా సంతకమూ ఉంది, నాకూ ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళున్నాయి అన్నారు.

మంచి మనిషి. నిజమే చెప్పారు. అన్నీ నిజాలే.

ఆలోచిస్తానండీ అన్నాను. ఆలోచించడానికి ఏముందో తెలియదు. మెప్పు వస్తుందంటే ఏమీ అనిపించలేదు. ఉద్యోగం పోతుందంటే కూడా అనిపించలేదు.

1961 నవంబరు 19

ఇట్లాంటి కట్టలు జిల్లాలో ఇంకా ఉన్నాయి. వాటి కింద కూడా ఉప్పు బావులే. అక్కడ కూడా కలుపుకు దిగే ఆడవాళ్ళు ఉంటారు. చెలమ తీస్తారు. గింజ వేస్తారు. నాలాంటి ముసలి మేస్త్రీ ఒకడు గట్టు మీద నిలబడి సీసా ముంచుతాడు.

రిజిస్టరు తీశాను. అక్టోబరు ఆరు నుంచి నవంబరు పదకొండు దాకా ముప్పయి ఏడు రోజులు. ముప్పయి ఏడు తేటలు. కొట్టెయ్యలేదు. ప్రతి దాని పక్కనా తేరింది అని రాశాను. తేట వేరు, తేరింది వేరు. తేట అంటే మడ్డి లేదు. తేరింది అంటే మడ్డి ఉంది, అడుగున ఉంది.

అడుగున ఇట్లా రాశాను. ఊట నోటి దగ్గర చూడక చెలమలో చూశాను. చెలమ నేను తియ్యనిచ్చాను. సూపర్వైజరు గారు నా మాట నమ్మి సంతకం పెట్టారు. కూలీల తప్పు లేదు. పీరు సాయిబు, మేస్త్రీ.

జానీబీ పేరు రాయలేదు. గింజలు అని మాత్రం రాశాను.

జానకిరామయ్య గారు చదివారు. రెండుసార్లు. అక్షరాలు నిలబడ్డాయి సాయిబూ అన్నారు.

1961 నవంబరు 28

ఈఈ గారు వచ్చారు. ఫారంలో రెండే గళ్ళు. క్లియర్, మడ్డీ. ఆయనకు తెలుగు మాట వస్తుంది, చదవడం రాదు, నేను రాసింది జానకిరామయ్య గారు ఇంగ్లీషులో చదివి వినిపించారు. తేటకూ క్లియరే అన్నారు, తేరిందానికీ క్లియరే అన్నారు. ఈఈ గారికి విసుగొచ్చింది. రెండూ క్లియర్ అయితే ఈ ముసలాయన దేనికి మార్చి రాసినట్టు అన్నారు.

మా ఇల్లు దగ్గరే. కుండలో నీళ్ళు ముందు రోజువి, కదలక ఉన్నాయి, బాగానే దిగి ఉన్నాయి. కుదపకుండా కుండ ఎత్తుకొచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. జవాన్లు ఆపడానికి లేవబోయారు. పైనుంచి సీసాలో వంచి చూపించాను. ఇది ఏంటండీ అన్నాను. క్లియర్ అన్నారు. కుండలో మోచేతి దాకా పెట్టి అడుగు కలిపాను. మళ్ళీ సీసా ముంచాను. బల్ల మీద కాగితాలు తడిశాయి. ఇది ఏంటండీ అన్నాను. మడ్డీ అన్నారు. తేట అయితే కలిపినా తేటేనండీ అన్నాను.

ఫారం తిప్పి, వెనక మూడో గడి గీశారు. దానికి ఇంగ్లీషులో ఏం పేరు పెట్టాలని జానకిరామయ్య గారిని అడిగారు. ఆయన ఆలోచించి, తెలుగులోనే ఉంచుదాం సార్ అన్నారు.

1961 డిసెంబరు 16

మెమో వచ్చింది. కట్ట దగ్గర తవ్వనిచ్చినందుకు, రూలు ప్రకారం ఊట చూడనందుకు నన్ను పని నుంచి తీసేశారు. జానకిరామయ్య గారిని బదిలీ చేశారు, దాచేపల్లి వైపు, రోడ్ల పని. పోయేటప్పుడు వచ్చి నిలబడ్డారు. ఈసారి ఏమీ అడగలేదు. అందుకు చెయ్యెత్తి దండం పెట్టాను.

అదే తపాలాలో అన్ని కట్టలకూ సర్క్యులరు. ఊట నోటి దగ్గరే పట్టాలి. చెలమ ఉంటే అడుగు కదిపి పట్టాలి. గింజలు వేశారేమో అడగాలి. అంకమ్మరావు చదివి వినిపించాడు. వాడిప్పుడు మేస్త్రీ. ఇందులో మీ పేరు లేదండీ అన్నాడు. నీ పేరు కూడా లేదు, పోయి నడువు, ఆ చివర దాకా అన్నాను.

1961 డిసెంబరు 27

జాన్ బాషా చేలో నిలబడ్డాను. పైన రెండెకరాలకు ఒక తడి అందింది. మిగతా ఎనిమిది ఎండింది. కాయ వేలు పొడుగు అయి ఆగిపోయింది. వాడు అటు తిరిగి మోటబావి వైపు పోయాడు. ఆ బావి ఉప్పు. మిరపకు పనికిరాదు. వాడికీ తెలుసు.

1962 జనవరి 4

పిచ్చమ్మ వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది. ఎర్రగుడ్డ మూట గడప మీద పెట్టింది. ఏడు మిగిలినాయి మావా అంది. పొయ్యిలు గీకించాను, ఆ మన్ను తట్టల్లో పెట్టి కట్ట మీద గుంటలో పోయించాను, అంకమ్మరావు వద్దన్నాడు, అయినా పోయించాను అంది. రెండు తట్టలు కూడా కాలేదు అంది.

లోపలికి రా పిల్లా అన్నాను. కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాను. చూసింది. ఇట్టాంటివా తాగుతున్నావు ఇన్నాళ్ళూ అంది. తాగింది. పోయేటప్పుడు గింజ ఎట్లా అరగదీయాలో రాతి మీద చూపించింది. ఒకటే వైపు తిప్పాలట.

1962 జనవరి 9

గింజ అరగదీశాను. తేరింది. చెయ్యి పెట్టి అడుగు కలిపాను. అవే తాగాను.